పాత .22 బోల్ట్ రైఫిల్ సంరక్షణ, రిపేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల లైసెన్స్ ఉన్న కొన్ని ఇళ్లలో పాత .22 రైఫిళ్లు (బ్యారెల్ లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళం ఉండేవి) ఇప్పటికీ ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌లో తయారైన బీఎస్‌ఏలు, చెకొస్లొవేకియా బ్రనోలు, జర్మన్ ఆన్షుట్జ్‌లు, మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీవి. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి బాగా తగ్గిపోవడంతో వీటిలో చాలావరకు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకు వచ్చినవే. నేను చూసినంతలో ఇవి కాల్చి కాల్చి అరిగిపోవడం అరుదు. తేమ, పనికిరాని నూనె, సైజు కలవని స్క్రూడ్రైవర్, అవసరం లేని పాలిష్, ఈ నాలుగూ చేసిన నష్టమే ఎక్కువ. లైసెన్స్ ఉన్నవాళ్లు, షూటింగ్ రేంజ్‌లో నేర్చుకుంటున్నవాళ్లు, ఎన్‌సీసీ రైఫిళ్లు చూసుకునేవాళ్లు తరచూ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను.

రైఫిల్ చేతికి తీసుకోగానే మొదటి పని ఏమిటి?

తూటా ఉందో లేదో చూడటం. ఇచ్చినవాళ్లు "ఖాళీయే అండీ" అని చెప్పినా సరే, మీరే చూడాలి. బ్యారెల్ మూతిని మనుషులు లేని వైపు తిప్పండి. గోడ అవతల ఎవరున్నారో కూడా ఆలోచించండి. తూటాలు ఉండే మ్యాగజైన్ తీయండి, బోల్టు (పిడి పట్టుకుని వెనక్కి లాగే ఇనుప భాగం) పూర్తిగా వెనక్కి లాగండి, ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులోకి, కంటితో చూడండి, చిటికెన వేలి కొనతో ఛాంబర్ నోరు తడమండి. బ్యారెల్ కింద గొట్టం మ్యాగజైన్ ఉండే మోడళ్లతో మరీ జాగ్రత్త. అన్నీ రాలిపోయాయి అనుకున్నాక కూడా ఒక తూటా లోపల ఇరుక్కుని ఉండొచ్చు.

".22 కదా, చిన్నదే" అనే మాట మానేయండి. గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములే. కానీ పైకి ఎత్తి కాల్చితే దాదాపు 2 కిలోమీటర్లు పోతుంది. శుభ్రం చేసే బల్ల మీద తూటాలు ఉండకూడదు. వాటిని వేరే గదిలో తాళం వేసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

ఇంట్లో నేను ఏం చేసుకోవచ్చు? ఏది చేస్తే కేసు అవుతుంది?

తుడవడం, నూనె రాయడం, బోల్టు బయటకు తీసి శుభ్రం చేయడం, వదులైన స్క్రూ బిగించడం, చెక్కకు నూనె పట్టించడం యజమాని చేసుకునే పనులు. రిపేర్ సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తయారీ, అమ్మకంతో పాటు రిపేరుకు కూడా లైసెన్స్ ఉండాలని చెబుతోంది. బ్యారెల్ పొట్టి చేయించడం 6వ సెక్షన్ కింద మరో నేరం.

ఇది ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన విషయం, ఎందుకంటే మనకు ఆటోనగర్ ఉంది. అక్కడి లేత్ పనివాళ్ల చేతిపని అంటే నాకు చాలా గౌరవం. విరిగిన ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) చూపిస్తే అచ్చం అలాంటిదే తిప్పి ఇవ్వగలరు. అయినా వాళ్లను అడగకండి. ఆయుధ రిపేరుకు లైసెన్స్ లేని మనిషిని మీరు ఇబ్బందుల్లోకి లాగినట్టవుతుంది, మీ లైసెన్స్ కూడా పోవచ్చు. పైగా ఆ ఉక్కు ఏ రకందో, దాన్ని ఎంత గట్టిపరిచారో ఎవరికీ తెలియదు. మరీ గట్టిదైతే పిన్ విరుగుతుంది, పొడవు ఎక్కువైతే ఛాంబర్ అంచును కొట్టి పాడుచేస్తుంది. లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ ద్వారా, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి. రైఫిల్ అప్పగించేటప్పుడు సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి.

నాన్నగారు పోయారు. రైఫిల్ ఆయన పేరు మీదే ఉంది. నూనె రాసి బీరువాలో పెట్టుకోవచ్చా?

వద్దు. లైసెన్స్ మనిషికి ఇచ్చింది, ఇంటికి కాదు. కర్మకాండలు అయ్యాక చూద్దాం అని నెలలు గడిపేవాళ్లు ఉన్నారు, అది ప్రమాదం. పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ వెంటనే డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఆ తర్వాత 2016 ఆయుధ నిబంధనల ప్రకారం వారసుడిగా మీ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిగతా వారసుల అంగీకారం కాగితం మీద ఉంటే పని తేలిక.

పెద్దవాళ్లు ఉండగానే ఇది చేసుకోవడం ఇంకా మంచిది. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడి పేరుకు మార్చమని అడిగే వీలు నిబంధనల్లో ఉంది. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారు దగ్గర రెండు తుపాకులే ఉండాలి, లైసెన్స్ గడువు ఐదేళ్లు. పాత లైసెన్స్ పుస్తకంలో యూఐఎన్ (విశిష్ట గుర్తింపు) నంబర్ పడిందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

బ్యారెల్ లోపలికి ఒక లెక్క, బయటి ఇనుముకు ఒక లెక్క.

.22 తూటాలో ఉండేది మెత్తని సీసం గుండు, దాని మీద మైనం లాంటి పూత. బ్యారెల్‌ను అది అరగదీయదు. పైగా ఆ పూత లోపల పలచగా అంటుకుని చిన్న రక్షణ కూడా ఇస్తుంది. కాబట్టి కాల్చిన ప్రతిసారీ ఇత్తడి బ్రష్ పెట్టి తోమాల్సిన పని లేదు. రెండు మూడు వందల తూటాలకోసారి, లేదా గురి చెదురుతోంది అనిపించినప్పుడు లోతుగా శుభ్రం చేస్తే చాలు. అతిగా తోమడం వల్ల పాడైన .22 బ్యారెళ్లు, అసలు తోమకపోవడం వల్ల పాడైనవాటికి ఏమాత్రం తీసిపోవు.

అయితే యూరప్ షూటర్లు చెప్పే "వదిలేయండి, ఏం కాదు" అన్న మాట కృష్ణా తీరానికి పనికిరాదు. జూలై నుంచి నవంబర్ దాకా మన గాలిలో ఉండే తేమకు నూనె లేని ఇనుము రోజుల్లోనే గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకని కాల్చిన రోజు సాయంత్రం నూనె తడి ఉన్న ఒక గుడ్డముక్క బ్యారెల్‌లో తిప్పి పెట్టండి. మళ్లీ కాల్చే ముందు పొడి గుడ్డముక్కతో ఆ నూనె తీసేయండి. తీయకపోతే మొదటి నాలుగైదు గుండ్లు ఎటు పోతాయో చెప్పలేం.

బయటి ఇనుమును మాత్రం ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. మే నెలలో రేంజ్‌లో కాల్చి అలాగే సంచిలో పెట్టేస్తే, వారం తర్వాత బోల్టు పిడి మీద, ట్రిగ్గర్ గార్డు మీద వేలిముద్రలు తుప్పు రూపంలో కనిపిస్తాయి.

రాడ్ ఎటు నుంచి పెట్టాలి? పుల్‌త్రూ వాడొచ్చా?

బోల్టు తీసేసి వెనక నుంచి. బ్యారెల్ మూతి దగ్గర గుండు చివరిసారిగా ఇనుమును తాకి వదిలే అంచు ఉంటుంది. ఆ అంచు ఒక పక్క అరిగితే గుండు వంకరగా బయటపడుతుంది. మూతి వైపు నుంచి రాడ్ పెట్టి ముందుకీ వెనక్కీ లాగితే అరిగేది సరిగ్గా అదే. రాడ్ ఒకే ముక్కగా ఉండాలి, ప్లాస్టిక్ పూత ఉంటే మంచిది. మూడు ముక్కలుగా బిగించే అల్యూమినియం రాడ్ కీళ్ల దగ్గర వంగి గోడలకు రాసుకుంటుంది, దాని మెత్తదనంలో దుమ్ము గుచ్చుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. బ్రష్ మూతి నుంచి బయటకు వచ్చాక దాన్ని అలాగే వెనక్కి లాగకండి, విప్పి రాడ్ మాత్రమే లాగండి.

ఎన్‌సీసీలో నేర్చుకున్నవాళ్లకు పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి లాగే తాడు), దానికి కట్టే చిందీ గుడ్డముక్క అలవాటే. మంచి పద్ధతే, తాడు నిటారుగా లాగితే. పక్కకు వంచి లాగితే తాడు మూతి అంచులో గాడి కోస్తుంది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ ట్రైనింగ్ రైఫిళ్లలో ఈ గాడి కంటికి కనిపించేంతగా ఉంటుంది. తాడుకు పట్టిన మట్టి కూడా అంతే హాని చేస్తుంది, దాన్ని అప్పుడప్పుడు సబ్బునీళ్లతో ఉతకండి.

ఏ నూనె వాడాలి? కొబ్బరినూనె రాయొచ్చా?

కొబ్బరినూనె, వంటనూనె, ఆముదం ఏదీ వద్దు. గింజల నూనెలు గాలి తగిలి జిగురుగా మారతాయి. బోల్టు లోపల ఆ జిగురు చేరితే స్ప్రింగ్ వేగం తగ్గుతుంది, తూటా పేలదు. మా వైపు పాత రైఫిళ్లలో "స్ప్రింగ్ పోయింది" అని తెచ్చినవాటిని విప్పితే చాలాసార్లు కనిపించేది పసుపు రంగు జిగురే.

తుపాకీ నూనె దొరికితే సరే. దొరకకపోతే మంచి కంపెనీ కుట్టుమిషన్ నూనె చాలు, అది పలచని మినరల్ ఆయిల్. బోల్టు లోపల ఒక్క చుక్క, బయట గుడ్డతో పలచగా. ఎక్కువ రాస్తే మేలు జరగదు, దుమ్ము అంటుకుంటుంది, కారిన నూనె చెక్కలోకి దిగుతుంది. డబ్ల్యూడీ-40 నీటిని తరిమేయడానికి బాగుంటుంది, కానీ ఒక్కటే రాసి నెలల తరబడి వదిలేయకూడదు. అది తుడిచి, పైన నూనె రాయాలి. జిగురు కడగడానికి పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ సరిపోతుంది. పెట్రోల్ మాత్రం వద్దు, ఇంట్లో అసలే వద్దు.

తుప్పు పట్టింది. ఉప్పుకాగితంతో రుద్దొచ్చా?

రుద్దకూడదు. పైపైన ఎర్రగా ఉన్న తుప్పును నూనెలో రెండు రోజులు నాననిచ్చి, అతి సన్నని స్టీల్ ఊల్‌తో, నాలుగు సున్నాల నంబరుది, నూనె తడిలోనే మెల్లగా రుద్దితే ఇనుము మీది నీలిపూత (బ్లూయింగ్) దెబ్బతినకుండా తుప్పు వరకే వస్తుంది. కింద గుంటలు పడి ఉంటే అవి పోవు. వాటిని చదును చేయాలని చూస్తే ఇంకా ఇనుము పోతుంది. నల్లబడిన గుంటలో నూనె ఉంచితే అది అక్కడితో ఆగుతుంది.

బ్యారెల్ లోపలి తుప్పుకు ఒక పాత కారణం ఉంది. 1930లకు ముందు తయారైన చాలా .22 తూటాల మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలే ఉప్పు నూనెతో పోదు, నీళ్లతోనే కరుగుతుంది. ఆ కాలంలో కాల్చి నూనెతో మాత్రమే తుడిచిన రైఫిళ్ల లోపల చూస్తే ఛాంబర్ ముందు నుంచే బ్యారెల్ మసకగా, గరుకుగా ఉంటుంది. అలాంటి బ్యారెల్ కూడా 25 గజాల దగ్గర ఆశ్చర్యపోయేలా కాల్చవచ్చు. చూడటానికి బాగాలేదని తీసిపారేయకండి, టార్గెట్ కాగితం మీద గుండ్ల రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూసి నిర్ణయించండి.

బుడమేరు వరదలో రైఫిల్ మునిగింది. ఇప్పుడేం చేయాలి?

2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ వైపు నీళ్లు వచ్చాక ఈ ప్రశ్న చాలామంది నుంచి వచ్చింది. ఇళ్లలో రోజుల తరబడి నిలిచినవి ఒట్టి వాననీళ్లు కావు. మురుగు, ఒండ్రుమట్టి, బండ్ల నుంచి కారిన డీజిల్ అన్నీ కలిసిన నీళ్లు. మళ్లీ అలాంటిది వస్తే ఏ వరసలో పనిచేయాలో చెబుతాను.

నీళ్లలో ఉన్నంతసేపు కన్నా బయటకు తీశాక తుప్పు వేగంగా పడుతుంది. తీసి ఎండలో పెట్టి "ఆరాక చూద్దాం" అనుకుంటే సాయంత్రానికే ఎర్రబడుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే తీరిక దొరికినప్పుడే బయటకు తీయండి. అప్పటిదాకా శుభ్రమైన నీళ్లలోనే ఉంచినా నష్టం తక్కువ.

ముందు తూటా లేదని చూసుకోండి. ఛాంబర్‌లో తూటా బిగుసుకుపోయి ఉంటే రాడ్‌తో పొడవకండి, అది నేరుగా డీలర్ దగ్గరికి వెళ్లాల్సిన రైఫిల్. ఖాళీగా ఉంటే బోల్టు, మ్యాగజైన్ తీసి, కింద ఉన్న స్క్రూలు విప్పి ఇనుమును చెక్క నుంచి వేరు చేయండి. చెక్కకూ ఇనుముకూ మధ్య ఎంత మట్టి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఇనుప భాగాలను ధారగా మంచినీళ్లతో కడగండి. చివర్లో బ్యారెల్‌లోంచి బాగా కాగిన నీళ్లు పోయండి. ఇనుము వేడెక్కి లోపలి తడి దానంతట అదే ఆరిపోతుంది. గుడ్డ చేతికి చుట్టుకుని పట్టుకోండి, కాలుతుంది. ఆ వేడి తగ్గేలోపే గుడ్డముక్కలతో తుడిచి, డబ్ల్యూడీ-40 కొట్టి, మళ్లీ తుడిచి, నూనె రాయండి. రెండో రోజు, నాలుగో రోజు మళ్లీ చూడండి. స్క్రూ రంధ్రాల్లో, గురి చూసే సైట్ కింద దాక్కున్న నీళ్లు అప్పుడు బయటపడతాయి. బోల్టు లోపలి భాగాలు, ట్రిగ్గర్ మెకానిజం గన్‌స్మిత్ చేతనే విప్పించండి.

చెక్కను నీడలో, ఫ్యాన్ గాలికి దూరంగా, వారాల తరబడి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగులుతుంది, మెలితిరుగుతుంది.

మునిగిన తూటాలు బాగానే ఉన్నట్టు కనిపించినా కాల్చకండి. చెత్తబుట్టలో, కాలవలో పడేయకండి. లెక్క రాయించి డీలర్‌కు గానీ స్టేషన్‌కు గానీ అప్పగించండి. లైసెన్స్ పుస్తకం తడిసిపోతే డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టండి. రైఫిలే కొట్టుకుపోతే ఆ రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి, అందులో ఆలస్యం పనికిరాదు.

ట్రిగ్గర్ నొక్కితే టక్ మంటోంది కానీ పేలట్లేదు. ఫైరింగ్ పిన్ మార్పించాలా?

ముందు ఆ పేలని తూటానే అడగండి, అది చెబుతుంది. కానీ పేలనప్పుడు బోల్టు వెంటనే తెరవకూడదు. మూతిని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

.22 రిమ్‌ఫైర్ తూటా. పేలుడు మందు మధ్యలో ఉండదు, అడుగు అంచు మడతలో చుట్టూ పరుచుకుని ఉంటుంది. పిన్ ఆ అంచును నలిపితే మందు అంటుకుంటుంది. పేలని తూటా తీసి వెలుతురులో అడుగు భాగం చూడండి. మామూలు భూతద్దం చాలు. అంచు మీద స్పష్టమైన, లోతైన నొక్కు ఉందా? ఉంటే రైఫిల్ తన పని చేసింది, ఆ చోట తూటాలో మందు లేదు. దాన్ని సగం తిప్పి మళ్లీ పెడితే పేలవచ్చు. పేలితే తప్పు తూటాదే అని తేలిపోతుంది.

నొక్కు పైపైన, గీసినట్టు ఉంటే దెబ్బ బలహీనం. మొదటి అనుమానం బోల్టు లోపలి జిగురు మీద, రెండోది స్ప్రింగ్ మీద. బోల్టును టర్పెంటైన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, చుక్క నూనె వేసి చూడండి. చాలా రైఫిళ్లు ఇక్కడితోనే దారికొస్తాయి. నొక్కు అంచు మీద కాకుండా లోపలికి జరిగి ఉన్నా, ఒక పక్కే లోతుగా ఉన్నా పిన్ కొన విరిగి ఉండొచ్చు. నొక్కు అంచు బయటికి జారిపోతుంటే ఛాంబర్ నోరు దెబ్బతిని ఉండొచ్చు. ఇవి గన్‌స్మిత్ పనులు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు నాలుగైదు ఖాళీ కేసులు, అంటే తూటా కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు, తీసుకెళ్లండి. "సార్, పేలట్లేదు" అనే మాటకన్నా అవి ఆయనకు ఎక్కువ చెబుతాయి.

ఖాళీ రైఫిల్‌ను టక్ టక్ అని నొక్కుతూ ప్రాక్టీస్ చేయొచ్చా?

పాత .22తో వద్దు. తూటా అంచు అడ్డు లేకపోతే కొన్ని మోడళ్లలో పిన్ నేరుగా ఛాంబర్ ఇనుము అంచును కొడుతుంది. కొడుతూ పోతే అక్కడ ఇనుము లోపలికి ఉబుకుతుంది, తూటా సరిగ్గా కూర్చోదు, కాల్చిన కేసు బయటకు రాదు. అలవాటు కోసం చేయాల్సి వస్తే .22 స్నాప్ క్యాప్ (పేలని నకిలీ తూటా) పెట్టండి. కాల్చిన ఖాళీ కేసు పెట్టినా సరే, ప్రతిసారీ కొంచెం తిప్పుతూ ఉండాలి.

కాల్చిన కేసు బయటకు రావట్లేదు.

తొంభై శాతం మురికే అనను గానీ, మొదట చూడాల్సింది మాత్రం అదే. ఛాంబర్‌లో మైనం, మసి గట్టిపడి వలయంలా పేరుకుంటాయి. .22 షార్ట్ తూటాలు ఎక్కువ కాల్చిన రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ తూటా పెట్టినప్పుడు ఇది బాగా తెలుస్తుంది, ఆ వలయం సరిగ్గా పొట్టి కేసు ఆగిన చోట ఉంటుంది. ఛాంబర్ బ్రష్‌కు టర్పెంటైన్ పట్టించి తిప్పండి. ఆ తర్వాత కూడా రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ (కేసును పట్టి బయటకు లాగే భాగం) గోరు చూడండి. దాని కింద మసి చేరితే గోరు అంచును పట్టుకోదు, పుల్లతో గీకి తీయండి. గోరు మొద్దుబారి ఉంటే మార్చాలి, ఆకురాయితో పదును పెట్టాలని చూడకండి. కత్తి మొనతో కేసును పెకలించడం అస్సలు వద్దు, ఛాంబర్ మీద పడిన గీత ఎప్పటికీ పోదు.

ఈమధ్య గుండ్లు ఎక్కడెక్కడో పడుతున్నాయి. బ్యారెల్ పోయిందా?

బ్యారెల్‌ను అనుమానించే ముందు కింద ఉన్న స్క్రూలు చూడండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. మన దగ్గర 45 డిగ్రీల మే నుంచి తడి ఆగస్టుకు వచ్చేసరికి స్క్రూ బిగువు మారిపోతుంది. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో, ముందూ వెనకా మార్చి మార్చి, చేతి బిగువు దాకా మాత్రమే బిగించండి. మొన గాడి నిండా కూర్చోవాలి. ఇంట్లో ఉన్న ఏదో ఒక స్క్రూడ్రైవర్‌తో తిప్పి గాడి చిరిగిన స్క్రూలు పాత రైఫిళ్లలో ఎన్ని చూశానో, చూసిన ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది.

తర్వాత సైట్లు కదులుతున్నాయేమో చూడండి. తర్వాత మూతి. బోల్టు తీసేశాక, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను మూతి అంచు మీద లోపలి నుంచి బయటికి మెల్లగా లాగుతూ చుట్టూ తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ అంచు చెదిరింది. గన్‌స్మిత్ ఆ అంచును కొత్తగా తీర్చిదిద్దగలరు, చిన్న పనే, ఫలితం పెద్దది. చివరగా వేరే కంపెనీ తూటాలు ప్రయత్నించండి. ఒక్కో .22 బ్యారెల్‌కు ఒక్కో తూటా నచ్చుతుంది, దీనికి లెక్కలేం పనిచేయవు.

ఒక తూటా తుస్సుమంది. ఇంకోటి పెట్టి కాల్చేయొచ్చా?

ఆపండి. చప్పుడు తేడాగా వచ్చినా, టార్గెట్ మీద రంధ్రం పడకపోయినా గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనక ఇంకో గుండు వెళ్లి దానికి గుద్దుకుంటే బ్యారెల్ ఉబ్బుతుంది. బోల్టు తీసి వెలుతురుకు పెట్టి చూడండి. వెలుతురు కనిపించకపోతే రైఫిల్‌ను పక్కన పెట్టేయడమే. పాత రైఫిల్ కొనేటప్పుడు, వారసత్వంగా తీసుకునేటప్పుడు కూడా లోపల నల్లని వలయం ఉందేమో చూడండి, బయట చేత్తో తడిమితే సన్నని ఉబ్బు తగులుతుంది. ఎప్పుడో ఎవరో ఇదే పని చేశారన్నమాట.

ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉంది. మెత్తగా చేయించాలి.

గట్టిదనం చాలావరకు ఎండిన నూనె వల్లే. శుభ్రం చేయించి చూడండి. లోపలి కొక్కెం అంచును ఇంట్లో రాసి మెత్తబరిచే పని మాత్రం ఎవరూ చేయకూడదు. అరిగిన కొక్కెం ఉన్న రైఫిల్ బోల్టు మూసినప్పుడో, కింద తగిలినప్పుడో దానంతట అదే పేలుతుంది. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బోల్టు గట్టిగా మూసి, బట్‌ను, అంటే భుజానికి ఆనించే చెక్క చివరను, రబ్బరు చాప మీద తట్టి చూడండి. ట్రిగ్గర్ నొక్కకుండానే పిన్ టక్ మని కొడితే ఆ రైఫిల్‌ను ఆ రోజు నుంచే పక్కన పెట్టాలి.

రెండు ఒకే మోడల్ రైఫిళ్లు ఉన్నాయి. ఒకదాని బోల్టు ఇంకోదానికి వేయొచ్చా?

పడుతుంది, కానీ వేయకండి. తూటా అంచు మందం మిల్లీమీటరు కన్నా కొంచెమే ఎక్కువ. బోల్టు ముఖానికీ ఛాంబర్‌కూ మధ్య ఖాళీ ఆ కొలతకు సరిపోయేలా ఫ్యాక్టరీలో సరిచేస్తారు. ఖాళీ పెరిగితే కేసు అంచు చిట్లి వేడి గ్యాస్ ముఖం మీదికి రావచ్చు. ఎన్‌సీసీ యూనిట్లలో పది రైఫిళ్లు ఒకేసారి కడిగేటప్పుడు బోల్టులు కలిసిపోవడం సహజం. నంబర్లు చూసి పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకుని కాల్చండి, ఎప్పుడైనా.

బట్ పగిలింది. వడ్రంగి దగ్గర కొత్తది చేయించొచ్చా?

పాతవాటి చెక్క ఎక్కువగా వాల్‌నట్ లేదా బీచ్. పిడి దగ్గర, చెయ్యి పట్టుకునే సన్నని చోట పగుళ్లు వస్తాయి. వెంట్రుకంత పగులుకు మంచి ఎపాక్సీ చాలు. అయితే నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదు. సుద్దపొడి పూసి వెచ్చని చోట ఉంచితే అది నూనెను పీల్చుకుంటుంది, రాల్చి మళ్లీ పూయాలి, ఓపిక కావాలి. ఇనుము దగ్గర చెక్క నల్లబడి మెత్తబడటానికి కూడా ఈ నూనే కారణం. అందుకే ఎక్కువ నూనె రాసిన రైఫిల్‌ను కొన్ని రోజులు మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి.

కొత్త చెక్క కావాల్సివస్తే బాగా ఎండిన గట్టి చెక్కే ఉండాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి అందంగా చెక్కుడుపడుతుంది గానీ చాలా మెత్తన, ఇక్కడ పనికిరాదు. రైఫిల్‌ను వడ్రంగి దగ్గర వదలకూడదు. పాత చెక్కను మాత్రమే నమూనాగా ఇవ్వండి, ఇనుము మీ దగ్గరే ఉండాలి. పైపూతకు మరిగించిన అవిసె నూనె, అరచేత్తో పలచగా, పూతకూ పూతకూ మధ్య రోజుల గడువిచ్చి. ఆ నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండాకాలంలో మరీ త్వరగా. నీళ్లలో తడిపి విడివిడిగా ఆరేయండి.

ఎక్కడ పెట్టాలి?

లెదర్ కవర్‌లో, కాన్వాస్ సంచిలో దాచకండి. అవి తేమను పీల్చి ఇనుముకు అంటిస్తాయి, సంచి తీసుకెళ్లడానికే. తాళం ఉన్న ఇనుప బీరువాలో, గోడకు ఆనకుండా, సిలికా జెల్ సంచులతో నిలబెట్టండి. బోల్టు, తూటాలు వేరే తాళం కింద ఉండాలి. ఏసీ గదిలో ఉంచిన రైఫిల్‌ను మధ్యాహ్నం బయటకు తెస్తే దాని మీద చెమట పట్టినట్టు నీళ్లు చేరతాయి. కవర్‌లోనే ఉంచి అరగంట తర్వాత తీయండి, తీశాక తుడవండి.

పాత తూటాల డబ్బా ఒకటి ఉంది. వాడొచ్చా?

ముందు బ్యారెల్ మీద ఏం రాసి ఉందో చదవండి. .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో వచ్చింది. షార్ట్, లాంగ్ అంతకు ముందువి. "షార్ట్" అని మాత్రమే రాసిన రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ కాల్చకూడదు. .22 మాగ్నమ్ పూర్తిగా వేరే తూటా, లావు కూడా వేరు. పాత రైఫిళ్లకు స్టాండర్డ్ వేగం తూటాలే మంచివి, హైవెలాసిటీ వద్దు. డబ్బాలో తూటాల మీద పచ్చని మరక, తెల్లని పొడి కనిపిస్తే అప్పగించేయండి. లైసెన్స్‌లో రాసిన సంఖ్యకు మించి ఇంట్లో ఉండకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

కొత్తదానిలా మెరిసేలా పాలిష్, బ్లూయింగ్ చేయించాలని ఉంది.

నా మాట వింటే చేయించకండి. బఫింగ్ చక్రం కింద పెడితే మూలలు గుండ్రమవుతాయి, ఫ్యాక్టరీ ముద్రలు, సీరియల్ నంబర్ పలచబడతాయి. గుర్తింపు నంబర్ లేని ఆయుధం దగ్గర ఉంచుకోవడమే నేరం, అప్పుడు మీ దగ్గర ఎన్ని కాగితాలున్నా ఆ రైఫిల్ ఇదే అని నిరూపించడం కష్టం. చేతులు తగిలి తగిలి నీలిపూత బూడిద రంగుకు తిరిగిన బ్రనో ఎంత అందంగా ఉంటుందో ఒకసారి పొద్దుటి వెలుతురులో చూడండి.

పొలంలో అడవిపందుల కోసం ఈ .22 సరిపోతుందా?

లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారిక అనుమతి లేకుండా వేట నేరం. .22 గుండు పందిని గాయపరుస్తుంది, అది బాధతో పొదల్లోకి పోతుంది. ఇది కాగితం టార్గెట్ కోసం ఉన్న రైఫిల్.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. తిరిగొచ్చేసరికి తుప్పు పడుతోంది. ఏం చేయాలి?

2024లో ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, ఫలితాలు జూన్ 4న. అంటే రైఫిల్ మన చేతిలో లేకుండా రెండున్నర నెలల పైనే. స్టేషన్ స్టోర్‌లో వాళ్లు రోజూ తుడవరు, తుడవాలని అడగడం కూడా న్యాయం కాదు. కాబట్టి కోడ్ వస్తుందని తెలిసిన వారమే పని ముగించండి. లోపలా బయటా మామూలు కన్నా మందంగా నూనె రాసి, చెక్క తగిలే చోట తుడిచి, తుప్పు నిరోధించే వీసీఐ కాగితంలో చుట్టండి. అది దొరకకపోతే నూనె పట్టించిన కాటన్ గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల నీటిచుక్కలు పడతాయి. నియోజకవర్గంలో రద్దీ మొదలుకాక ముందే వెళితే ఓపికగా రసీదు రాస్తారు. రసీదులో మోడల్, సీరియల్ నంబర్, బోల్టు నంబర్, మ్యాగజైన్లు ఎన్ని, స్లింగ్ ఉందా లేదా అన్నీ రాయించండి. వెనక్కి తీసుకునేటప్పుడు అక్కడే, కౌంటర్ ముందే బోల్టు తెరిచి ఖాళీగా ఉందని చూసుకుని, నంబర్లు సరిపోల్చి సంతకం పెట్టండి. ఇంటికి వచ్చాక ఆ మందపాటి నూనెంతా తుడిచి, బ్యారెల్‌లో పొడి గుడ్డముక్కలు నల్లదనం రానంత వరకు తిప్పి, అప్పుడే రేంజ్‌కు తీసుకెళ్లండి.